పాత లైకాకు పెట్టించిన ఫ్లాష్ సాకెట్

ప్రశ్న: మా తాతగారు పర్లాకిమిడిలో స్టూడియో నడిపేవారు. ఆయన వాడిన లైకా 3సి కెమెరాకు వెనుకవైపు, వ్యూఫైండర్ పక్కన, ఎవరో రంధ్రం చేసి ఫ్లాష్ సాకెట్ అమర్చారు. దానికి ఎలక్ట్రానిక్ ఫ్లాష్ తగిలించి, 1/60 వేగంలో మా చెల్లెలి పెళ్లికి ఒక రోలు తీశాను. ఫ్లాష్ ప్రతిసారీ వెలిగింది గానీ, ప్రతి ఫొటోలోనూ ఒక పక్క నిలువునా నల్లగా వచ్చింది. పెళ్లికొడుకు కనిపిస్తున్నాడు, మా చెల్లెలు చీకట్లో ఉంది. లోపం దేనిలో ఉంది? ఆ సాకెట్ తీయించి రంధ్రం పూడ్పించాలా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: ప్రతిసారీ వెలిగిందంటే ఫ్లాష్‌ను అనుమానించనక్కరలేదు. 3సి ఫ్యాక్టరీ నుంచి ఫ్లాష్ కనెక్షన్ లేకుండానే వచ్చేది. ఆ ఏర్పాటు 1950లో వచ్చిన 3ఎఫ్‌తో మొదలైంది. పాత కెమెరా ఉన్నవారిలో కొందరు లైకా తయారుచేసిన లైట్స్ (Leitz) కంపెనీకే పంపి మార్పించుకున్నారు, మరికొందరు తెలిసిన మెకానిక్ చేత సాకెట్ పెట్టించుకున్నారు. మీ తాతగారిది రెండో దారి అనిపిస్తోంది. పెళ్లిళ్లు తీసే స్టూడియోకు ఫ్లాష్ లేకుండా రోజు గడవదు కదా.

ఈ కెమెరా షట్టర్‌లో రెండు గుడ్డ తెరలు పక్కవాటుగా పరుగెడతాయి. మొదటిది ఫిల్మును తెరుస్తుంది, రెండోది మూస్తుంది. వేగం పెంచితే మొదటి తెర అవతలి అంచు చేరకముందే రెండోది బయలుదేరుతుంది కాబట్టి, ఫిల్ము మొత్తం ఒకేసారి తెరిచి ఉండే క్షణమే ఉండదు. నల్ల అంకెల 3ఎఫ్‌లో ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌కు 1/30, ఎర్ర అంకెల దానిలో 1/50 హద్దు. 3సి అంతకంటే పాతది. అందులో 1/60 పెడితే కొంత భాగం నల్లబడక తప్పదు.

అయినా నా అనుమానం అంతటితో ఆగడం లేదు. ఆ రోజుల్లో ఫ్లాష్ అంటే బల్బు. ఎం తరగతి బల్బుకు తీగ అంటుకుని పూర్తి వెలుగు రావడానికి దాదాపు 20 మిల్లీసెకన్లు పడుతుంది గనుక, మెకానిక్ లోపలి కాంటాక్టును తెర పూర్తిగా తెరుచుకోకముందే కలిసేలా అమర్చి ఉండవచ్చు. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ కాంటాక్టు కలిసిన వెంటనే మెరిసి, సాధారణంగా సెకనులో వెయ్యో వంతులోపే ఆరిపోతుంది; తెర అప్పటికి ఎంత జరిగి ఉంటే ఫొటో అంతే వస్తుంది.

రెండింటిలో ఏది కారణమో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఫిల్ము తీసేసి, లెన్స్ విప్పి, కింది పలక తీయండి. పల్చని తెల్లకాగితాన్ని ఫిల్ము వెడల్పున కత్తెరతో శుభ్రంగా కత్తిరించి (చేత్తో చింపితే పీచు షట్టర్‌లో ఇరుక్కుంటుంది), ఫిల్ము ఉండే చోటికి కింది నుంచి జారవిడిచి, ఒక చివర బయటకు వేలాడనివ్వండి. చీకటి గదిలో ఫ్లాష్‌ను లెన్స్ రంధ్రంవైపు తిప్పి, ముందు బీ మీద (మీట నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచి ఉండే అమరిక), తర్వాత 1/30 మీద నొక్కండి. వేగం మార్చే ముందు ప్రతిసారీ షట్టర్ ఎక్కించడం మరవకండి. మెరిసిన క్షణంలో దీర్ఘచతురస్రమంతా తెల్లగా కనిపిస్తే కాంటాక్టు సరిగా ఉన్నట్టు. బీ మీద కూడా ఒక పక్క నల్లపట్టీ మిగిలితే కాంటాక్టు తొందరగా కలుస్తోందన్నమాట. అప్పుడు ఏ వేగం పెట్టినా ప్రయోజనం ఉండదు. బీ మీద నిండుగా, 1/30 మీద పట్టీతో కనిపిస్తే అంతకంటే నెమ్మది వేగం వాడాలి, లేదా తెరల సర్దుబాటు చేయించాలి.

మరో జాగ్రత్త. కొన్ని పాత ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ల సాకెట్ దగ్గర 200 వోల్టులకు పైగా ఉంటుంది. యాంత్రిక కాంటాక్టు దాన్ని కొంతవరకు తట్టుకుంటుంది గానీ, నిప్పురవ్వలకు మెల్లగా నల్లబడి గుంతలు పడుతుంది. లోపలి తీగ తొడుగు పాతబడి ఉంటే మీ వేలికి కూడా జివ్వుమంటుంది. మల్టీమీటరుతో ఒకసారి కొలిచి, అంత ఉన్నట్టు తేలితే తక్కువ వోల్టేజి ఫ్లాష్ వాడండి. కెమెరా పైనున్న షూలో (ఫ్లాష్ బిగించే గాడిలో) ఫ్లాష్ బిగిస్తే, దాని అడుగున ఉన్న మధ్య కాంటాక్టు లోహానికి తగలకుండా పల్చని ప్లాస్టిక్ ముక్క వేయండి. ఆ షూలో ఫ్లాష్ కనెక్షన్ లేదు, అది ఉత్త లోహపు ముక్క.

సాకెట్ తీయించవద్దు. రంధ్రం పూడ్చినా పాత రూపం రాదు, పైగా మీ తాతగారి పనితనపు జాడ పోతుంది. కాంటాక్టును కాస్త ఆలస్యంగా కలిసేలా వంచడం గుడ్డ తెరల షట్టర్ విప్పి బిగించడం తెలిసిన మెకానిక్‌కు చిన్న పనే. బరంపురంలో గానీ విశాఖలో గానీ అలాంటివారిని వెతికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు, టంకం కాచే వేడి తెరకు తగలనివ్వవద్దని మాత్రం గట్టిగా చెప్పండి.