గాయం నిజమే కావచ్చు, ఓడింది మాత్రం దానివల్లేనా?

ప్రశ్న ఇది: "1500 మీటర్ల టాప్ రన్నర్లు ఓడిపోగానే మడమ నొప్పి అనో, గొంతు బాగోలేదనో చెబుతుంటారు. ఇవన్నీ సాకులే కదా? ఛాంపియన్ అన్నవాడు ఏ పరిస్థితిలోనైనా గెలవాలి కదా? రన్నింగ్ చేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి."

నేను 2005 నుంచి 2009 వరకు 800, 1500 మీటర్లు పరిగెత్తాను. మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. 1500లో నా బెస్ట్ 4 నిమిషాల 3 సెకన్లు, అది కూడా మట్టి ట్రాక్ మీద. ఇప్పుడు రోజూ పొద్దున పదిహేను మంది పిల్లలతో ప్రాక్టీస్ చేయిస్తున్నాను. ప్రపంచ స్థాయి రన్నర్లకు, నాకు మధ్య చాలా దూరం ఉంది. కానీ నొప్పితో స్టార్ట్ లైన్ దగ్గర నిలబడితే ఎలా ఉంటుందో, ఓడిపోయి గీత దాటగానే నోట్లోంచి ఏ మాట వస్తుందో నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

వాళ్లు చెప్పే నొప్పి చాలాసార్లు నిజమే. ఆ ఓటమికి అదే కారణమా అన్నది వేరే ప్రశ్న. రెండింటినీ కలిపేసి, నమ్మేవాళ్లు "పాపం" అంటారు, నమ్మనివాళ్లు "ఆడలేక మద్దెల ఓడు" అంటారు. నేను ఈ రెండు మాటలూ పడ్డాను.

2008లో యూనివర్సిటీ సెలక్షన్స్. అప్పటికి మూడు వారాలుగా కుడికాలి ముందు ఎముక నొప్పిగా ఉంది. వానలకు గ్రౌండ్ బురదైపోతే తారు రోడ్డు మీద పరిగెత్తాను, బూట్ల అడుగు అరిగిపోయి ఉంది. వేలితో నొక్కితే ఒకే చోట ప్రాణం పోయేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే టీమ్‌లోంచి తీసేస్తారని భయం. ఒకసారి కుంటుతూ కనిపిస్తే మా పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ "వామప్ చెయ్యి, అదే పోతుంది" అన్నారు. సరే అనుకున్నాను.

రేసులో గన్ పేలగానే ముందుకు దూకాను. ఎవరినీ పక్కకు రానివ్వకూడదని ఒకటే పట్టుదల. చివరి లాప్‌లో ఇద్దరు దాటేశారు, తర్వాత ఇంకో ఇద్దరు. ఐదో స్థానం. గీత దాటి కూర్చుని కాలు పట్టుకుని "కాలు సార్, కాలు" అన్నాను. వారం తర్వాత ఎక్స్‌రే తీస్తే ఎముకలో సన్నటి చీలిక కనిపించింది. స్ట్రెస్ ఫ్రాక్చర్. ఆ ఫిల్మ్ కవర్ ఇంట్లో బీరువాలో పెట్టుకుని, ఏడాది పాటు వచ్చినవాళ్లందరికీ చూపించాను. నిజంగా దెబ్బ తగిలింది కదా, ఇంక నన్ను ఎవరేమంటారు?

మా సీనియర్ ఒకాయన ఆ రోజు గ్యాలరీలో స్టాప్‌వాచ్‌తో కూర్చున్నాడు. ఏడాది తర్వాత ఒకరోజు చిన్న పుస్తకం తీసి నా లాప్‌లు చదివాడు. మొదటి 400 మీటర్లు 61 సెకన్లు, రెండోది 66, మూడోది 69, చివరి 300 మీటర్లకు 53. మొత్తం 4 నిమిషాల 9 సెకన్లు. "నీకు 65తో వెళ్లే దమ్ముంది, 61తో వెళ్లావు. నీ కాలు ఎప్పుడు నొప్పి పుట్టిందో నాకు తెలీదు, నీ ఊపిరి మాత్రం రెండో లాప్‌కే అయిపోయింది" అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. 2009లో కాలు పూర్తిగా నయమై మళ్లీ అదే మీట్‌లో పరిగెత్తాను. మళ్లీ ముందుకు దూకాను, మళ్లీ అదే మలుపు దగ్గర దాటేశారు. ఆ రోజు పట్టుకోవడానికి ఏ నొప్పీ లేదు. ఎక్స్‌రే కవర్ చూపించుకుంటూ గడిపిన ఏడాదిలో నేను నేర్చుకోవాల్సింది నేర్చుకోలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఆ ఏడాదే.

ఇది మనసులో పెట్టుకుని నార్వే రన్నర్ జాకబ్ ఇంగెబ్రిగ్ట్సెన్ రేసులు చూడండి. మీ ప్రశ్నలో పేరు రాయలేదు గానీ, గొంతు నొప్పి అనగానే నాకు గుర్తొచ్చింది ఆయనే. 2021లో టోక్యో ఒలింపిక్స్ 1500లో 3 నిమిషాల 28.32 సెకన్లతో గోల్డ్ కొట్టాడు. 2022 యూజీన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో బ్రిటన్ రన్నర్ జేక్ వైట్‌మన్ దాటేశాడు. 2023 బుడాపెస్ట్‌లో ఇంకో బ్రిటన్ రన్నర్ జోష్ కెర్ దాటేశాడు, తేడా 0.27 సెకన్లు. ఆరోగ్యం బాగోలేదని, గొంతు పట్టేసిందని జాకబ్ చెప్పింది ఈ బుడాపెస్ట్ రేసు తర్వాతే. చాలామంది నవ్వారు. నేను నవ్వలేదు. జలుబు చేసిన ఛాతీతో చివరి 200 మీటర్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

కానీ యూజీన్, బుడాపెస్ట్ వీడియోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కనిపిస్తుంది. రెండింటిలోనూ జాకబ్ ముందుండి స్పీడ్ పెంచుతూ వెళ్లాడు. రెండింటిలోనూ వెనక నీడలా ఉన్నవాడు దాదాపు 200 మీటర్లు మిగిలి ఉండగా పక్కకు వచ్చి దాటాడు. రెండుసార్లూ కొన్ని రోజులకే అదే జాకబ్ 5000 మీటర్ల గోల్డ్ కొట్టాడు. గొంతు నొప్పి నిజమే అనుకుందాం, అది 2023 సంగతి. 2022లో అదే పద్ధతిలో ఎందుకు ఓడాడో గొంతు చెప్పదు. ముందుండి లాగేవాడికి గాలి తగులుతుంది, వెనకవాడికి అంతగా తగలదు. ముందున్నవాడికి వెనక ఏం జరుగుతోందో కనిపించదు. ఎవరినీ దగ్గరికి రానివ్వనంత వేగం ఉంటే తప్ప ఆ ఆట గెలవడం కష్టం.

2024 పారిస్‌లో ఇంకా గట్టిగా ప్రయత్నించాడు. మొదటి 400 మీటర్లు 55 సెకన్ల లోపే. చివరి స్ట్రెయిట్‌లో అమెరికన్ కోల్ హాకర్ లోపలి వైపు నుంచి వచ్చి 3 నిమిషాల 27.65 సెకన్లతో ఒలింపిక్ రికార్డు కొట్టాడు. కెర్ రెండు, యారెడ్ నుగూస్ మూడు, జాకబ్ నాలుగు. జాకబ్ టైమ్ 3 నిమిషాల 28.24 సెకన్లు. అంటే మూడేళ్ల కిందట గోల్డ్ తెచ్చిన టైమ్ కంటే మెరుగు, అయినా మెడల్ రాలేదు. ఆ రోజు మాత్రం మొదట్లోనే మరీ వేగంగా వెళ్లిపోయానని ఆయనే ఒప్పుకున్నాడు. గొంతు, కాలు ఏమీ అనలేదు. 23 ఏళ్ల వయసులో, అన్ని కెమెరాల ముందు అలా చెప్పడం చిన్న విషయం కాదు. నాకు ఆ మాట చెప్పడానికి ఏడాదిన్నర పట్టింది, నన్ను అడిగింది ఒక్క సీనియరే.

ఇప్పుడు అసలైన గాయం సంగతి. 2025లో అదే జాకబ్ ఫిబ్రవరిలో ఇండోర్ మైలు ప్రపంచ రికార్డు కొట్టి, మార్చిలో నాన్‌జింగ్ ప్రపంచ ఇండోర్‌లో రెండు గోల్డ్‌లు గెలిచాడు. తర్వాత పిక్కను మడమకు కలిపే అకిలీస్ టెండన్ దెబ్బతింది. ఔట్‌డోర్ సీజన్ దాదాపు మొత్తం పోయింది. సెప్టెంబరులో టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌కు ఒక్క ఔట్‌డోర్ రేసు కూడా లేకుండా వచ్చి 1500 హీట్‌లోనే, అంటే మొదటి రౌండ్‌లోనే, వెనుదిరిగాడు. 5000లో పదో స్థానం. నొప్పి గురించి ముందు నుంచీ చెబుతూనే ఉన్నాడు. దీన్ని సాకు అనేవాళ్లకు అకిలీస్ గురించి తెలియదనే అనుకుంటాను.

టీవీలో చూసేవాళ్లకు ఫైనల్ ఒక్కటే కనిపిస్తుంది. ఛాంపియన్‌షిప్ 1500 అంటే హీట్, సెమీస్, ఫైనల్. టోక్యోలో నాలుగు రోజుల్లో మూడు రేసులు. స్పైక్స్ (అడుగున మేకులుండే బూట్లు) వేసుకుంటే మడమ నేలకు సరిగా ఆనదు. బరువంతా ముంగాలు మీద పడుతుంది, ప్రతి అడుగూ పిక్కను, ఆ టెండన్‌ను లాగుతుంది. కొంచెం వాచిన టెండన్‌తో ఒక రేసు లాగించేయొచ్చు. మర్నాడు పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేసినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. ఇంకో విషయం. గాయమైనప్పుడు సైకిల్ తొక్కి, నీళ్లలో పరిగెత్తి ఊపిరిని కాపాడుకోవచ్చు. చివరి లాప్‌లో ఒక్కసారిగా గేరు మార్చే శక్తి సైకిల్ మీద రాదు. అది ట్రాక్ మీద స్పైక్స్‌తో వారాల తరబడి చేస్తేనే వస్తుంది, మధ్యలో ఆపేస్తే ముందుగా పోయేదీ అదే. ఛాంపియన్‌షిప్‌లో మెడల్ తేల్చేది సరిగ్గా ఆ శక్తే. అందుకే గాయం నుంచి వచ్చినవాడు మూడు లాప్‌లు బాగా కనిపించి చివర్లో కరిగిపోతాడు. "అంతసేపు బాగానే పరిగెత్తాడు కదా, నొప్పి ఎక్కడిది" అని మనం అనుకుంటాం.

"ఛాంపియన్ ఏ పరిస్థితిలోనైనా గెలవాలి" అన్నారు. అదే టోక్యో ఫైనల్ చూడండి. డిఫెండింగ్ ఛాంపియన్ 2023 విజేత కెర్. రేసు మధ్యలో పిక్క పట్టేసింది. కుంటుతూనే ఫినిష్ చేశాడు, 4 నిమిషాల 11 సెకన్లకు, అందరికంటే ఆఖరున. దాదాపు నా 2008 టైమ్. ఆ అంకె చూడగానే కళ్లు చెమర్చాయి. అదే రేసులో వైట్‌మన్ 0.02 సెకన్ల తేడాతో గోల్డ్ పోగొట్టుకుని సిల్వర్ గెలిచాడు, గోల్డ్ పోర్చుగల్ రన్నర్ ఇజాక్ నాదెర్‌ది. 2022లో జాకబ్‌ను ఓడించిన ఈ వైట్‌మన్ గాయాల వల్ల 2023 బుడాపెస్ట్‌కు, 2024 పారిస్‌కు రాలేకపోయాడు. కెర్ తక్కువ ఛాంపియన్, వైట్‌మన్ ఎక్కువ ఛాంపియన్ అని దీన్నిబట్టి చెప్పగలమా?

మనం ఇంకో అన్యాయం కూడా చేస్తాం. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కెన్యా రన్నర్ కిప్ కీనో పిత్తాశయం జబ్బుతో పరిగెత్తాడు. 10,000 మీటర్లలో కడుపునొప్పితో ట్రాక్ పక్కన పడిపోయాడు. అయినా 5000లో సిల్వర్, 1500లో 3 నిమిషాల 34.91 సెకన్లతో గోల్డ్. సిల్వర్ వచ్చిన అమెరికన్ జిమ్ రయన్ అప్పటి ప్రపంచ రికార్డు హోల్డర్. ఆయనకూ ఆ ఏడాది గ్లాండ్స్ వాచే జ్వరం వచ్చి ట్రైనింగ్ దెబ్బతింది. పైగా మెక్సికో సిటీ 2,200 మీటర్లకు పైన ఎత్తులో ఉంది. కీనో ఎత్తైన కొండ ప్రాంతంలో పుట్టి పెరిగినవాడు, రయన్ మైదాన ప్రాంతం వాడు. కీనో జబ్బును వీరగాథలా చెప్పుకుంటాం, రయన్ జబ్బు చెబితే సాకు అంటాం. ఇద్దరి నొప్పీ నిజమే, మనకు మాత్రం రిజల్ట్ చూశాకే ఏది నమ్మాలో తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ బ్రిటన్ రన్నర్ కెల్లీ హోమ్స్‌ది. 1996 అట్లాంటాలో కాలి ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్‌తోనే 800లో నాలుగో స్థానం. మెడల్ అంచుదాకా వెళ్లింది. నాకు వచ్చిన గాయమే అది, అందుకే ఆమె గురించి చదివినప్పుడు నా కాలి ఎముక సలిపినట్టు అనిపించింది. 1997లో 1500లో మంచి ఫామ్‌లో ఏథెన్స్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌కు వెళ్తే హీట్‌లోనే అకిలీస్ తెగింది. ఏళ్ల తరబడి ఒక గాయం తగ్గితే ఇంకొకటి. మానసికంగా ఎంత కుంగిపోయిందో తర్వాత తనే బయటపెట్టింది. 2004లో ఒలింపిక్స్ అదే ఏథెన్స్‌లో, అదే స్టేడియంలో. 34 ఏళ్ల వయసులో, ఒళ్లు నొప్పి లేకుండా స్టార్ట్ లైన్ దాకా రాగలిగిన సంవత్సరం అది. 800 గోల్డ్, ఐదు రోజులకు 1500 గోల్డ్. రెండు రేసుల్లోనూ మొదట్లో వెనకాలే ఉంది, తొందరపడలేదు, చివర్లో ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చింది. ఆమె పట్టుదల 2004లో కొత్తగా పుట్టలేదు, 1996లోనూ ఉంది. మారింది కాలు. అలాంటప్పుడు అంతకుముందు ఎనిమిదేళ్లలో ఆమె చెప్పిన నొప్పుల్ని సాకులని ఎలా అంటాం?

మన దగ్గర జిన్సన్ జాన్సన్‌నూ ఇలాగే మరచిపోతారు. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో 1500 గోల్డ్, 2019లో బెర్లిన్‌లో 3 నిమిషాల 35.24 సెకన్ల నేషనల్ రికార్డు. తర్వాత అకిలీస్ గాయం, టోక్యో ఒలింపిక్స్ పోయింది. 2023 హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో బ్రాంజ్‌తో తిరిగొచ్చాడు. గోల్డ్ నుంచి బ్రాంజ్‌కు దిగాడని రాసినవాళ్లున్నారు. మధ్యలో ఏం జరిగిందో తెలిసిన నాకు ఆ బ్రాంజ్ ఎక్కువ.

సాకును ఎలా గుర్తుపట్టాలి అని మీరు అడగొచ్చు. బయటి నుంచి చూసి తేల్చడం నావల్ల కాదు. పిల్లల విషయంలో మాత్రం ఒక పద్ధతి పెట్టుకున్నాను. రేసుకు ముందు రోజు రాత్రి ప్రతి ఒక్కరూ నోట్‌బుక్‌లో రెండు లైన్లు రాయాలి. ఒకటి, ఎక్కడ నొప్పి, పదికి ఎంత. రెండు, రేసు ఎలా పరిగెత్తాలనుకుంటున్నావు. నొప్పి ఐదు దాటితే రేసు లేదు, ఎంత ఏడ్చినా లేదు. నన్ను అప్పట్లో ఇలా ఆపేవాళ్లుంటే అని చాలాసార్లు అనుకున్నాను. రేసు అయ్యాక ఆ పేజీ తీసి ఇద్దరం కూర్చుని చదువుతాం.

మొన్న జిల్లా మీట్‌లో 800లో ఒక అమ్మాయి నాలుగో స్థానంలో వచ్చింది. ముందు రోజు పేజీలో "ఎడమ పిక్క పట్టేసింది, 3. 600 వరకు రెండో లేన్ అంచున ఉండాలి" అని రాసింది. గీత దాటి నా దగ్గరికి వచ్చి పిక్క పట్టుకుంది. నేనేమీ అనలేదు, నీళ్లిచ్చాను. కాసేపు ఆగి, "సార్, పిక్క నొప్పి ఉంది. కానీ 500 దగ్గర లోపలికి దిగిపోయాను, ముందు ఇద్దరు, పక్కన ఒకరు, బయటికి రాలేకపోయాను" అంది. సోమవారం పిక్కకు ఐస్ పెట్టించాను. బుధవారం నుంచి నలుగురు అబ్బాయిల మధ్యలో పెట్టి, అందులోంచి బయటికి రావడం ప్రాక్టీస్ చేయిస్తున్నాను.