ఒక్కిదో, ఒక్కీదో: చావడమా, చంపడమా?

డిక్షనరీ తప్పు కాదండీ. లాటిన్‌లో ఒకే మాటకు ఒకచోట 'చచ్చు', ఇంకోచోట 'చంపు' అని ఎందుకుందని అడిగారు కదా, అవి రెండు వేర్వేరు క్రియలు. రోమన్ లిపిలో దీర్ఘం గీత పెట్టకపోతే ఒకేలా కనిపిస్తాయి. మన లిపిలో రాయండి, గుడిదీర్ఘం దగ్గరే తేలిపోతుంది.

ఒక్కిదో అనేది 'కదో' (పడు) నుంచి వచ్చింది: కూలిపోవడం, చావడం, సూర్యుడైతే అస్తమించడం. ఒక్కీదో 'కైదో' (కొట్టు, నరుకు) నుంచి, అంటే చంపడం. యాక్సిడెంట్ మొదటి వైపు చుట్టం. సూసైడ్, పెస్టిసైడ్ రెండో వైపు. 'డిసైడ్' కూడా ఇటే, అసలర్థం కోసెయ్యడం!

గీతలు లేని పాఠమైతే ముందు కర్మ కోసం వెతకండి. 'ఎవర్ని' అన్నదానికి జవాబుగా ద్వితీయా విభక్తిలో మాట ఉంటే చంపడమే. భూతకాల విశేషణం తగిలితే ఇంకా సుఖం: 'ఒక్కీసుస్' అంటే హతుడు, అనుమానమే లేదు. 'సోల్ ఒక్కిదిత్'లో సోల్ (సూర్యుడు) కర్త, పక్కన కర్మ లేదు, కాబట్టి పొద్దు గుంకింది. నేను మొదట్లో ఇక్కడే సూర్యుడి చేత హత్య చేయించాను.