అల్లుడూ, వాణ్ణి ఎవరి తొందర కోసం పైకి ఎక్కిస్తున్నారో అడుగు

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి నీ ఫోన్ పెట్టేశాక నాకూ మీ అత్తయ్యకీ ఎంతకీ నిద్ర పట్టలేదు. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగని మన ఇంట్లోంచి నీ కొడుకు, మన చిన్నోడు, అమెరికా బేస్‌బాల్ మేజర్ లీగ్ డ్రాఫ్ట్‌లో, అంటే పెద్ద టీమ్‌లు వరసగా కుర్రాళ్లని ఎంచుకునే చోట, అదీ రెండో రౌండ్‌లో, పేరు పిలిపించుకున్నాడంటే మాటలా! మీ అత్తయ్య తెల్లారకుండానే లేచి కొబ్బరికాయ కొట్టింది, నేను వాకింగ్‌లో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను, బేస్‌బాల్ అంటే ఏంటో తెలీని గుంటూరాయన వియ్యంకుడిక్కూడా చెప్పాను. కానీ నువ్వు పెట్టేసే ముందు ఒక మాటన్నావ్ చూడు, "రెండేళ్లే మామయ్యా, ఇరవై నిండేసరికి మేజర్స్‌లో ఉంటాడు, టీమ్ వాళ్లు కూడా ఫాస్ట్‌గా తీసుకెళ్తామంటున్నారు" అని, అక్కడ నా గుండె జారింది. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు బొమ్మ పెడతావని తెలుసు కాబట్టి మెయిల్ చేస్తున్నా. కూర్చుని చదువు, అమ్మాయికీ చూపించు, చిన్నోడికి నువ్వే ఇంగ్లీషులో అర్థమయ్యేలా చెప్పు.

తెలిసిన సంగతులు ముందే గబగబా చెప్పేస్తా. బోనస్ చేతికొచ్చాక టాక్స్ పోగా ఎంత మిగుల్తుందో లెక్క చూసుకోకుండా కారు కొనకండి. ఏజెంట్ మాటకి ముందు లాయర్ మాట వినండి. మైనర్స్‌లో, అంటే మేజర్స్‌కి ముందు కుర్రాళ్లు ఆడే కింది లీగ్‌లలో, జీతం మీద ఆశ పెట్టుకోవద్దు, 2023లో యూనియన్ ఒప్పందం అయ్యాక కూడా ఆ ఏడాది డబుల్ ఏలో 30,250 డాలర్లు, దాని పైమెట్టు ట్రిపుల్ ఏలో 35,800, అంతకుముందు ఇందులో సగం కూడా ఉండేది కాదు. వాడికి అన్నం వండుకోవడం, బట్టలు ఉతుక్కోవడం ఈ నెలలోనే నేర్పించండి. కాలేజీ మానేసి సైన్ చేయొద్దని నేననను, అది వాడి ఇష్టం. మిగతావి నీకు తెలుసు.

తెలీనిది ఒకటి ఉందేమోనని నా భయం. డేవిడ్ క్లైడ్ అనే పేరు నీకెవరైనా చెప్పారా?

మీరుండే కేటీ ఊరికి ఎంతో దూరం లేదు, పశ్చిమ హ్యూస్టన్‌లో వెస్ట్‌చెస్టర్ హైస్కూల్ కుర్రాడు. ఎడమచేతి పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు, 18 ఏళ్లు. ఇక్కడిదాకా రాసేసరికే మన చిన్నోడు కళ్లముందు నిలబడ్డాడు నాకు. హైస్కూల్ ఆఖరి ఏడాది 18 మ్యాచ్‌లు గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు, 1973 డ్రాఫ్ట్‌లో దేశం మొత్తమ్మీద మొదటి పేరు అతనిదే, తీసుకున్నది మా టెక్సస్ రేంజర్స్. అప్పటికి రేంజర్స్ వాషింగ్టన్ నుంచి ఆర్లింగ్టన్ వచ్చి రెండో ఏడాది, ఆట అధ్వాన్నం, స్టేడియంకి జనం రారు, ఓనర్ బాబ్ షార్ట్ డబ్బుల ఇబ్బందిలో ఉన్నాడు. మన రాష్ట్రం కుర్రాడు కదా, మైనర్స్‌లో ఒక్క బంతి వేయించకుండా తిన్నగా మేజర్స్‌లో దింపితే జనం ఎగబడి వస్తారని ఆయనకి తోచింది. రెండు మ్యాచ్‌లు ఆడించి కిందికి పంపేద్దామని ముందు అనుకున్న మాట.

నేనప్పుడు ఆర్లింగ్టన్‌లో ఎమ్మెస్ చేస్తున్నా. జూన్ 27 సాయంత్రం రూమ్మేట్ లాక్కెళ్తే వెళ్లా, నాకు బేస్‌బాల్ అప్పటికి ఓనమాలు కూడా రావు. రోడ్డు మీద కార్లు కదలవు, కార్లాపి జనం నడిచి వెళ్తున్నారు, మ్యాచ్ కూడా కాస్త ఆలస్యంగానే మొదలుపెట్టారు. 35,698 మంది, ఆ స్టేడియం నిండటం అదే మొదటిసారి. ఆ మట్టి దిబ్బ మీద ఒక పిల్లాడు, టోపీ సర్దుకుంటున్నాడు, మళ్లీ సర్దుకుంటున్నాడు, బంతి గ్లవ్‌లో వేస్తున్నాడు తీస్తున్నాడు. మొదటి ఇద్దరికీ వాక్ ఇచ్చాడు, అంటే బంతులు గురి తప్పి వాళ్లకి ఊరికే బేస్ ఇచ్చేశాడు, రెండోవాడు రాడ్ కరూ, అంత గొప్ప బ్యాటర్ అని నాకు తర్వాత తెలిసింది. అయిపోయాడురా పాపం అనుకున్నాం. తర్వాతి ముగ్గుర్నీ వరసగా స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతి కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. ఆ అరుపులకి నా చెవులు గింగురుమన్నాయి, నేనూ లేచి అరిచాను, ఎందుకరుస్తున్నానో తెలీకుండానే. మ్యాచ్‌లో ఉండే తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఐదు వేశాడు, ఒకే ఒక్క హిట్ ఇచ్చాడు, అది హోమ్‌రన్, రేంజర్స్ 4-3తో గెలిచారు. ఎనిమిది స్ట్రైకౌట్లని ఊరంతా చెప్పుకున్నారు. ఏడు వాక్‌లు కూడా ఇచ్చాడు, ఆ సంగతి ఆ రాత్రి ఎవరికీ పట్టలేదు.

అల్లుడూ, ఆ ఏడు వాక్‌లే మొత్తం కథ. ఐదు ఇన్నింగ్స్‌లో ఏడుగురికి ఊరికే బేస్ ఇచ్చే కుర్రాడికి బంతి ఇంకా చేతికింద లేదని అర్థం. అది దారికి తెచ్చుకునే చోటే మైనర్ లీగ్. అక్కడైతే వెయ్యి మంది ముందు ఓడిపోయి, బస్సెక్కి, మర్నాడు కోచ్‌తో కూర్చుని ఎక్కడ తప్పిందో చూసుకుంటాడు. కానీ రెండో మ్యాచ్‌కి కూడా స్టాండ్స్ నిండితే ఎవరు పంపుతారు చెప్పు? మేనేజర్ వైటీ హెర్జాగ్ పంపుదామన్నాడు, ఓనర్ వినలేదు. ఆ ఏడాది 4 గెలిచి 8 ఓడాడు. మర్నాటి ఏడాది కొత్త మేనేజర్ కింద మొదటి మూడూ గెలిచి ఆ తర్వాత తొమ్మిది ఓడాడు. తర్వాత భుజం నొప్పి, 1976లో ఆపరేషన్, తర్వాత క్లీవ్‌ల్యాండ్ టీమ్, 1979లో ఆఖరి మేజర్ లీగ్ మ్యాచ్. అప్పటికి అతనికి 24 ఏళ్లు. మొత్తం 18 గెలుపులు, 33 ఓటములు. ఆటగాళ్ల పెన్షన్‌కి కావాల్సిన సర్వీసుకి 37 రోజులు తక్కువ పడింది! తర్వాత కలప వ్యాపారంలో బతుకు వెళ్లదీశాడు, పిల్లలకి బేస్‌బాల్ నేర్పాడు. ఆ రోజు అరిచినవాళ్లలో ఎవరికైనా ఆ 37 రోజుల సంగతి తెలుసా? నాకే ఎన్నో ఏళ్లకి పేపర్లో చదివితే తెలిసింది, ఆ పూట నేను అన్నం తినలేకపోయాను.

నువ్వు వాదిస్తావని నాకు తెలుసు, మీ నాన్న కొడుకువి కదా. అదే 1973 డ్రాఫ్ట్‌లో మూడో పేరు రాబిన్ యౌంట్, నాలుగో పేరు డేవ్ విన్‌ఫీల్డ్. యౌంట్ మైనర్స్‌లో ఒక్క వేసవి ఆడి 18 ఏళ్లకే మిల్వాకీ మేజర్ టీమ్‌లో షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్ అయ్యాడు, విన్‌ఫీల్డ్ మిన్నెసోటా యూనివర్సిటీ నుంచి తిన్నగా శాన్‌డియేగో మేజర్ టీమ్‌కి వెళ్లాడు, ఇద్దరూ మూడువేల హిట్లు దాటారు, ఇద్దరూ గొప్ప ఆటగాళ్ల పేర్లుండే హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. నిజమే, కాదన్ను. తొందరగా వెళ్లిన ప్రతివాడూ చెడిపోతాడని చెప్తే అబద్ధం అవుతుంది. కానీ చూడు, విన్‌ఫీల్డ్ అప్పటికి కాలేజీ అయిపోయిన 21 ఏళ్లవాడు. యౌంట్ సీజన్‌కి ముందు జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్‌లో ఆడి ఆ చోటు సంపాదించుకున్నాడు. పైగా ఇద్దరూ రోజూ ఆడే బ్యాటర్లు, ఇవాళ నాలుగుసార్లు అవుటైతే రేపు మళ్లీ బ్యాటు పట్టుకుంటారు. పిచర్ అలా కాదు, చెడ్డ మ్యాచ్ ఒకటి పడితే ఐదు రోజులు అదే తలుచుకుంటూ కూర్చోవాలి, ఆ ఐదు రోజులూ మోచేయి లాగుతుంటే ఎవరికీ చెప్పడు. క్లైడ్‌ని ఎక్కించింది టికెట్లు అమ్ముడుపోవడానికి. అతను సిద్ధమా కాదా అన్న ప్రశ్నకి అక్కడ చోటే లేదు.

నీ సంగతే గుర్తు తెచ్చుకో. నీకు మూడో క్లాసు నుంచి ఐదుకి డబుల్ ప్రమోషన్ ఇప్పించి మీ నాన్న తెనాలంతా చెప్పుకున్నాడు, మీ అమ్మ నాకు ఏరోగ్రామ్‌లో రాసింది. తర్వాత ఉత్తరంలోనే, వీడికి భిన్నాలు రావట్లేదు అన్నయ్యా, రాత్రిళ్లు పలక ముందేసుకుని ఏడుస్తున్నాడు అని రాసింది. నాలుగులో చెప్పే లెక్కలు నీకెవరూ చెప్పలేదు, నువ్వూ అడగలేదు, అడిగితే మళ్లీ కిందికి దించుతారని భయం. ఆ భయం నీకు తెలుసు కదరా, మరి నీ కొడుక్కి ఎందుకు అంటగడుతున్నావ్? కోపంతో అంటున్నా అనుకోకు.

ఆ భయం ఎలా ఉంటుందో మా ఇంట్లోనే చూశాను. 2022లో టీమ్‌లే ఇళ్లు చూపించాలని రూల్ వచ్చేదాకా మైనర్ లీగ్ కుర్రాళ్లు ఊళ్లోవాళ్ల ఇళ్లల్లో ఉండేవాళ్లు, మా పై గదిలో కూడా వేసవికి ఒకడు ఉండేవాడు. వాళ్లలో ఒకడు, కుడిచేతి పిచర్, డబుల్ ఏకి వచ్చి నెల తిరక్కుండానే ట్రిపుల్ ఏకి రమ్మని రాత్రి పదకొండింటికి ఫోనొచ్చింది. సంతోషంతో ఊగిపోయాడు, డ్రయర్‌లో ఇంకా ఆరని బట్టలు అలాగే బ్యాగులో కుక్కేశాడు. మీ అత్తయ్య పెరుగన్నం కలిపిచ్చింది, వాడికి అది ఇష్టం. స్పూన్ ఎడమచేత్తో పట్టుకున్నాడు. ఏంట్రా అది అని మీ అత్తయ్య అడిగితే, ఏం లేదు కొంచెం పట్టేసింది అన్నాడు. ట్రైనర్‌కి చెప్పావా అంటే తల దించుకున్నాడు. చెప్తే ఇంకొకణ్ణి పంపుతారట. మేమిద్దరం బతిమాలాం, చెప్తానన్నాడు, తెల్లారకుండానే ఫ్లైట్ ఎక్కేశాడు. ఆగస్టులో మోచేతికి ఆపరేషన్ చేశారు. తర్వాత మళ్లీ డబుల్ ఏ దాటలేదు. ఇప్పుడు ఎక్కడో ఇన్సూరెన్స్ అమ్ముతున్నాడు, క్రిస్మస్‌కి మీ అత్తయ్యకి కార్డు పంపుతాడు.

మోచేతికి చేసే టామీ జాన్ సర్జరీ ఉంది కదా, చేయించుకుంటే మళ్లీ ఆడొచ్చు కదా అని నువ్వు నిన్న తేలిగ్గా అనేశావ్. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆ ఆపరేషన్ మొదటిసారి చేశాక, చేయించుకున్న పిచర్ టామీ జాన్ ఇంకో 164 మ్యాచ్‌లు గెలిచాడు, నిజమే. కానీ తిరిగొచ్చేసరికి ఏడాది, ఏడాదిన్నర పోతుంది, అందరి చెయ్యీ ఒకేలా అతుక్కోదు. 18 ఏళ్లవాడి చేతి గురించి రిపేరు లెక్కలు ముందే వేసుకోవడం ఏంట్రా, నీకు బుద్ధుందా? కన్నతండ్రివి.

ఇంకో సంగతి, ఇది కాంట్రాక్టుల సంగతి కాబట్టి జాగ్రత్తగా చదువు. మా ఆర్లింగ్టన్ కుర్రాడే టాడ్ వాన్ పోపెల్ అని, 1990లో ఓక్లాండ్ వాళ్లు హైస్కూల్ నుంచే మేజర్ లీగ్ కాంట్రాక్ట్ ఇచ్చారు. ఇస్తే ఏమైంది, మొదటి రోజు నుంచే రోస్టర్‌లో, అంటే మేజర్ టీమ్ 40 మంది జాబితాలో, ఉన్నట్టు లెక్క, కిందికి పంపి నేర్పుకునే ఆప్షన్ సీజన్లు మూడూ కుర్రతనంలోనే కరిగిపోవడం మొదలెట్టాయి. 19 ఏళ్లకే మేజర్స్‌లో బంతి వేశాడు, చివరికి 40 గెలుపులు, 52 ఓటములు. డ్రాఫ్ట్ కుర్రాళ్లకి ఇప్పుడు అలాంటి కాంట్రాక్ట్ ఇవ్వడానికి వీల్లేదు, మంచిదైంది. కానీ 40లో పెట్టినరోజు ఆ గడియారం నడవడం మొదలెట్టడం మాత్రం ఇప్పటికీ ఉంది. వాడు 18కే సైన్ చేస్తున్నాడు కాబట్టి ఐదు సీజన్ల దాకా వాణ్ణి 40లో పెట్టి, వేరే టీమ్‌లు ఎత్తుకుపోయే రూల్ ఫైవ్ డ్రాఫ్ట్ నుంచి కాపాడుకోవాల్సిన అవసరం కూడా టీమ్‌కి ఉండదు. అంటే టైముంది. రూలే టైమిస్తుంటే రెండేళ్లని నువ్వెందుకు గీత గీస్తున్నావ్?

కిందికి పంపితే పరువు పోయిందనుకోవద్దని చిన్నోడికి ఇప్పుడే చెప్పు. రాయ్ హాలడే అనే పిచర్ 2000లో తొమ్మిది ఇన్నింగ్స్‌కి 10.64 పరుగుల లెక్కన ఇచ్చాడు, మర్నాటి ఏడాది టొరంటో వాళ్లు డనీడిన్‌లో సింగిల్ ఏకి పంపేశారు, అక్కడ బంతి వేసే తీరే మార్చుకున్నాడు, 2003లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు, 2010లో ఇంకోటి. బ్యాటర్ మైక్ ట్రౌట్ 19 ఏళ్లకి వచ్చినప్పుడు .220 కొట్టాడు, అంటే వెయ్యిసార్లకి 220 హిట్ల లెక్కనే, మరుసటి ఏడాది ట్రిపుల్ ఏలోనే మొదలుపెట్టి రూకీ ఆఫ్ ద ఇయర్, అంటే ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడు, అయ్యాడు. మొన్న 2024లో జాక్సన్ హాలిడే, డ్రాఫ్ట్‌లో మొదటి పేరు, తండ్రి కూడా మేజర్ లీగరే, అయినా మొదటి 34 సార్లలో రెండే హిట్లు కొట్టాడు, నార్‌ఫోక్‌లో ట్రిపుల్ ఏకి పంపారు, జూలై ఆఖర్లో మళ్లీ వచ్చాడు. వీళ్లకి వెనక్కి వెళ్లే దారి తెరిచి ఉంచారు, అంతే తేడా.

మన రక్తం ఉన్నవాడి మాట కూడా చెప్పాలి. కుమార్ రాకర్ అనే పిచర్, వాళ్లమ్మ తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చినవాళ్లు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో పేరు మోగిపోయింది, 2021లో న్యూయార్క్ మెట్స్ టీమ్ వాళ్లు డ్రాఫ్ట్ చేసి మెడికల్ రిపోర్ట్ చూసి వద్దనుకున్నారు, మరుసటి ఏడాది మూడో పేరుగా మా రేంజర్సే తీసుకున్నారు. 2023లో మోచేతి ఆపరేషన్ అయింది, ఆగారు. 2024 సెప్టెంబర్‌లో మేజర్స్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు, 24 ఏళ్ల వయసులో. అదే టీమ్ క్లైడ్‌ని 18కి దింపితే 24కి అతని ఆఖరి మ్యాచ్ కూడా అయిపోయింది. ఆ రాత్రి టీవీ ముందు నేను కళ్లు తుడుచుకున్నానని మీ అత్తయ్య ఇప్పటికీ అందరికీ చెప్తుంది.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. పైకి పంపుతామని ఎవరు ఫోన్ చేసినా, సంతోషం తర్వాత, ముందు అడుగు: ఈ లెవెల్లో వీడు ఏం నేర్చుకున్నాడు, చేంజప్ మీద, అంటే వేగం తగ్గించి వేసే బంతి మీద, నమ్మకం కుదిరిందా, వాక్‌లు తగ్గాయా, నిరుడు ఎన్ని ఇన్నింగ్స్ వేశాడు ఈ ఏడాది ఎన్ని వేయిస్తారు, పైన ఎవరికో దెబ్బ తగిలి ఖాళీ వస్తే పంపుతున్నారా. వాళ్ల దగ్గర జవాబుంటే వెళ్లనీ, ఇరవైకే వెళ్లినా నాకేం బాధ లేదు. వారానికోసారి వాడితో వీడియో కాల్ చెయ్, గెలుపోటములు అడక్కు, చెయ్యి ఎలా ఉందని అడుగు, అడిగేటప్పుడు మొహం చూడు. నొప్పి చెప్తే నాన్న నిరుత్సాహపడతాడని వాడికి ఎప్పుడూ అనిపించకూడదు, ఆ ఒక్కటీ నీ చేతిలో ఉంది, కోచ్ చేతిలో లేదు.

సైన్ చేసే ముందు కాంట్రాక్ట్‌లో కాలేజీ ఫీజుల క్లాజు ఉన్న పేజీ నాకు ఫొటో తీసి పంపు. బేస్‌బాల్ మానేశాక ఎన్నేళ్లలోపు కాలేజీలో చేరాలో, ఎన్ని సెమిస్టర్లకి డబ్బులిస్తారో స్పష్టంగా రాసి ఉండాలి, లేకపోతే సంతకం పెట్టొద్దు. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తా, చిన్నోణ్ణి కూడా లైన్లో ఉంచు, నిద్రపోతుంటే లేపు.

మీ మామయ్య