గీజర్ వాల్వ్ నుంచి ఆగకుండా నీళ్లు కారుతుంటే

మీ గీజర్ సేఫ్టీ వాల్వ్ (చన్నీళ్లు లోపలికి వెళ్లే చోట ఉండి, ఎక్కువైన ప్రెషర్‌ని బయటికి వదిలేది) స్విచ్ ఆపాక కూడా రాత్రంతా కారుతోందని, దాని లివర్ విరిగిందని, కారే రంధ్రం మూసేద్దామని ప్లంబర్ అంటున్నాడని అడిగారు. వాల్వ్ లోపల సున్నం పేరుకుని సరిగ్గా మూసుకోవడం లేనట్టుంది. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో బోరు నీళ్లన్నారుగా, మామూలే. నీళ్లు కాగేటప్పుడు నాలుగు చుక్కలు పడితే తప్పు లేదు. స్విచ్ ఆపాక కూడా రాత్రంతా కారుతూ, పైగా లివర్ విరిగిందంటే మార్చాల్సిందే.

1. కరెంటు బోర్డులో గీజర్ లైనుకున్న ఎంసీబీ (బ్రేకర్ స్విచ్) ఆపండి. గోడ స్విచ్ ఒక్కటే చాలదు.

2. నీళ్లు చల్లారనివ్వండి. గీజర్‌కి వెళ్లే చన్నీళ్ల యాంగిల్ వాల్వ్ (పైపు మీద నీళ్లు ఆపే చిన్న కుళాయి) కట్టేసి, వేడినీళ్ల కుళాయి తెరవండి. పాత వాల్వ్ విప్పగానే ట్యాంకు నీళ్లు అక్కడి నుంచే దిగుతాయి, బకెట్ పెట్టుకోండి.

3. పాతదాని మీద ఎన్ని బార్ (ప్రెషర్ కొలత) అని ఉందో అదే కొనండి. బాణం గుర్తు గీజర్ వైపు ఉండాలి. టెఫ్లాన్ టేప్ చుట్టి బిగించండి.

4. చాలామంది ఎలిమెంట్ (నీళ్లు కాచే కాయిల్) కాల్చుకునేది ఇక్కడే. కరెంటు ఇచ్చే ముందు ట్యాంకు నిండాలి. యాంగిల్ వాల్వ్ తెరిచాక మిక్సర్ (వేడినీళ్లు, చన్నీళ్లు కలిపే కుళాయి) లివర్‌ని పూర్తిగా వేడి వైపు తిప్పండి. మధ్యలో ఉంచితే చన్నీళ్ల లైను నుంచి ధార వస్తుంది, ట్యాంకు నిండిందనుకుని మోసపోతాం. మొదట ఉత్త గాలి, తర్వాత తుస్సు తుస్సుమంటూ నీళ్లు వస్తాయి. ధార ఒకే తీరుగా వచ్చేదాకా ఆగి, అప్పుడు ఎంసీబీ వేయండి.

కారే రంధ్రానికి బిరడా కొట్టేద్దామని మీ ప్లంబర్ అన్నది మాత్రం అస్సలు వినకండి. ఎక్కువైన ప్రెషర్ పోయే దారి అదే. కొత్త వాల్వ్ కూడా అలాగే కారితే బిల్డింగ్ ప్రెషర్ పంపు సెట్టింగ్ చూపించండి.