పొయ్యి ధర కాదు అక్కా, కట్టెల లెక్క చూడండి

ప్రశ్న: మాది హసన్‌పర్తి దగ్గర. నేనూ మా తోడికోడలూ కలిసి ఆర్డర్ల మీద సకినాలు, గారెలు, అరిసెలు చేస్తాం. దసరా నుంచి సంక్రాంతి దాకా నాలుగు నెలలు నెలకు నాలుగు కమర్షియల్ గ్యాస్ బండలు అయిపోతున్నాయి, ఒక్కోటి రెండు వేల దాకా పడుతోంది. ఇంటి వెనక కట్టెల పొయ్యి పెట్టిద్దామని అడిగితే స్టీలు పొయ్యి 18 వేలు, పొగగొట్టం 9 వేలు, రేకుల షెడ్డు 35 వేలు, కూలి 6 వేలు, మొత్తం 68 వేలు అన్నారు. కట్టెలు క్వింటా 600. ఈ డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవాలా, లేక లక్ష రూపాయల చిట్టీ మూడో నెలలోనే పాడుకోవాలా? ఇంటి వంట కూడా దాని మీదే చేస్తే గ్యాస్ అంతా మిగులుతుంది కదా?

జవాబు: అక్కా, రెండూ వద్దు. అప్పూ వద్దు, చిట్టీ పాటా వద్దు. పొయ్యి వద్దని మాత్రం అనను, పెట్టుకోండి, కానీ 68 వేలది కాదు.

మీరు పొయ్యి ధర అడిగారు కానీ అసలు ఖర్చు దాని నోట్లో పెట్టే కట్టెలది. ముందు ఆ లెక్క చూద్దాం. కిలో గ్యాస్‌లో సుమారు 11 వేల కిలోకేలరీల వేడి ఉంటుంది, బాగా ఎండిన కట్టెలో కిలోకు 3,500 దాకా. గ్యాస్ పొయ్యి మీద ఆ వేడిలో మూడింట రెండు వంతులు గిన్నెకు అందుతుంది, మూడు రాళ్ల పొయ్యి మీద 10 నుంచి 15 శాతమే, మిగతాదంతా గాలికీ పొగకూ పోతుంది. మెరుగైన కట్టెల పొయ్యికి ప్రభుత్వ ప్రమాణం కనీసం 25 శాతం, ఫ్యాన్ ఉన్నదానికి 35. అయితే ఆ పరీక్షలు ల్యాబుల్లో చేస్తారు, ఇంటి దగ్గర అంత రాదు కాబట్టి నేను 20 పట్టుకున్నాను.

ఇప్పుడు మీ 19 కిలోల బండ చేసే పనికి మూడు రాళ్ల పొయ్యి మీద 320 కిలోల కట్టె కావాలి, అంటే 1,900 రూపాయల పైనే. గ్యాస్ ధర, కట్టె ధర ఒకటే అయిపోయాయి, పొగ అదనం. అదే కింద గాలి ఆడే ఇనుప జాలీ, పైన పొగగొట్టం ఉన్న పొయ్యి అయితే 200 కిలోలు, 1,200 రూపాయలు. అంటే బండకు 800 మిగులు, సీజన్ మొత్తం 16 బండలకు 12,800.

ఇక మీ అప్పు సంగతి. 68 వేలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,360, ఏడాదికి 16,320. పొయ్యి మిగిల్చేది 12,800. అసలు అట్లనే ఉంటుంది, వడ్డీకే ఏటా మూడున్నర వేలు మీరు ఎదురు కట్టాలి. చిట్టీ అంటారా, మూడో నెలలో పాటలో 25 వేలు వదులుకుంటే ఈ పొయ్యి రెండేళ్లు తెచ్చే మిగులు ఆ ఒక్క రోజే పోయినట్టు. ఆ చిట్టీని చివరి దాకా ఉంచండి, పిల్లల చదువుకో ఇంటి పనికో అక్కరకొస్తుంది.

నేనైతే ఇట్లా చేస్తాను. స్టీలు పొయ్యి పక్కన పెట్టి మేస్త్రీతో ఇటుక, మట్టి పొయ్యి కట్టించండి. వెల్డింగ్ షాపులో ఇనుప జాలీ చేయించి కట్టెలు దాని మీద ఉండేట్టు, కింది నుంచి గాలి వచ్చేట్టు పెట్టించండి. గొట్టం, దానికి టోపీ, మేస్త్రీ కూలి అన్నీ కలిపినా తొమ్మిది పది వేలలో అయ్యేట్టు మాట్లాడుకోండి. 35 వేల షెడ్డు ఈ ఏడాది అక్కర్లేదు, గొట్టం రేకు దాటి రెండు మూడు అడుగులు పైకి పోయేట్టు నాలుగు స్తంభాల మీద కొన్ని రేకులు చాలు. మొత్తం 20 వేలు దాటనివ్వకండి. ఆ మాత్రం దసరా ఆర్డర్ల అడ్వాన్సుల్లోంచో సంఘం పొదుపులోంచో వస్తుంది, సీజనున్నరలో తిరిగొస్తుంది. షెడ్డు కావాలో వద్దో ఒక సంక్రాంతి గడిచాక మీకే తెలుస్తుంది.

కట్టెలు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త అక్కా, నాకు భయం అక్కడే. అప్పుడే కొట్టిన పచ్చి కట్టెలో దాదాపు సగం బరువు నీళ్లే. క్వింటా 600 ఇచ్చి 300 నీళ్లకు కడుతున్నారన్నమాట, పైగా ఆ నీళ్లు ఆవిరి కావడానికి కూడా మంట ఖర్చవుతుంది, పొగ ఎక్కువ. రెండు ముక్కలు తీసుకొని ఒకదానితో ఒకటి కొట్టి చూడండి, ఎండిందైతే టంగుమంటుంది, పచ్చిదైతే దబ్బుమంటుంది. కొసల్లో నెర్రెలు కనబడాలి. ఇంకా నమ్మకం కుదరకపోతే ఒక ముక్కను వంటింటి కాంటా మీద తూచి, పదిహేను రోజులు ఎండలో పెట్టి మళ్లీ తూచండి, ఎంత తగ్గితే అంత నీళ్లకు డబ్బు పోసినట్టు. ఎండాకాలంలోనే తుమ్మ, సర్కారు తుమ్మ కొని, చీల్పించి, వాన తగలని చోట పేర్చిపెట్టుకుంటే దసరాకు చక్కగా అందుతుంది. మీ చుట్టూ పత్తి చేలే కదా, పత్తి కట్టె ఊరికే ఇస్తారు, మంట అంటించడానికి బాగుంటుంది కానీ కడాయి ముందు నిలబడి దాన్ని ఎగదోస్తూ కూర్చోవడం అయ్యే పని కాదు. అడవి నుంచి కొట్టుకొచ్చిన మోపులు చవగ్గా ఇస్తామంటే తీసుకోకండి. సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద అనుమతి అడిగే చెట్లున్నాయి, ముందు కనుక్కోండి.

ఇంకో ఖర్చు మీ లెక్కలో ఎక్కడా లేదు, మనిషి. గ్యాస్ అయితే తిప్పి వదిలేస్తాం, కట్టెల మంట దగ్గర ఒకరు ఎప్పుడూ ఉండాలి. ఒకరు బట్ట మీద సకినాలు చుడుతుంటే ఇంకొకరు వేయించాలి, మరి కట్టె తోసేది ఎవరు? దానికోసం రోజుకు 400 ఇచ్చి మనిషిని పెట్టుకుంటే నెలకు మిగిలే 3,200 ఎనిమిది రోజుల కూలికే సరిపోతుంది. మీ ఇద్దరితోనే అవుతుందనుకుంటేనే దిగండి. అరిసెలకు, సకినాలకు మంట సమానంగా ఉండాలి, ఒక్క వాయి మాడితే నూనె, నువ్వులు, పిండి అన్నీ పోతాయి. అందుకే మొదటి నెల సగం పని గ్యాస్ మీదే ఉంచండి.

ఇంటి వంట దాని మీదకు మార్చొద్దు. తెల్ల రేషన్ కార్డు ఉండి మహాలక్ష్మి పథకం కింద 500కు బండ వస్తుంటే, ఆ 14.2 కిలోల గ్యాస్ చేసే పనికి ఈ మంచి పొయ్యి మీద కూడా దాదాపు 150 కిలోల కట్టె, 900 రూపాయలు కావాలి. నష్టం. ఆ ఇంటి బండను వ్యాపారానికి వాడడం కూడా కుదరదు, నిబంధనలకు విరుద్ధం, పట్టుబడితే ఇబ్బంది పడతారు.

పొగ గురించి చెప్పకుండా ఉండలేను. మా అమ్మ ఊదుగొట్టం పట్టుకొని వంగి ఊదుతూ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వండిన ఇంట్లో పెరిగినవాణ్ని. ఇళ్లలో పొయ్యి పొగ వల్ల ఏటా సుమారు 30 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గొట్టం పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండలేం. ఒడిశాలో నాలుగేళ్లు పరిశీలిస్తే, మెరుగైన పొయ్యిలు మొదటి ఏడాది పొగ తగ్గించాయి, తర్వాత బాగుచేసుకోక ఆ లాభం పోయింది. నా దగ్గరికి వచ్చే ఒకాయన ఇంట్లో సంక్రాంతి తర్వాత గొట్టం ఊడదీస్తే నాలుగంగుళాల రంధ్రం మసి పేరుకొని రూపాయి బిళ్లంత మిగిలింది, రెండు నెలలుగా పొగ ఇంట్లోకి ఎందుకు తిరుగుతోందో వాళ్లకు అప్పటిదాకా తెలియలేదు. సీజన్‌లో పదిహేను రోజులకోసారి పొడుగు కర్రకు కొబ్బరి పీచు కట్టి గొట్టం లోపల తోమండి. పొయ్యి నోరు గడ్డివాము వైపు, చీర కుచ్చిళ్ల వైపు లేకుండా కట్టించండి, కడాయి మీద మూసేంత పెద్ద ఇనుప మూత పక్కనే ఉంచండి, నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా అదే మూయాలి.

మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక్క పని చేయండి. ఒక క్వింటా ఎండు కట్టె కొని, పక్కింట్లోనో చుట్టాలింట్లోనో గొట్టం ఉన్న పొయ్యి దొరికితే ఒక రోజు ఆర్డరు దాని మీద చేసి, ఎన్ని కిలోల సకినాలకు ఎన్ని కిలోల కట్టె కాలిందో రాసిపెట్టుకోండి. బండకు 250 కిలోల లెక్కన కాలితే మిగిలేది 500 మాత్రమే, 300 దాటితే గ్యాసే నయం. ఆ అంకె నాకు పంపండి, మిగతాది కలిసి చూద్దాం.