మలావీ వెళ్తున్న మా పాపకు, రంగుల పుస్తకాల గురించి

అనంతపురం

పాపా,

నువ్వు మీ చర్చి మెడికల్ టీంతో ఆఫ్రికాలోని మలావీ పోతున్నావని, పిల్లలకు ఆరోగ్యం గురించి చెప్పే పని నీ మీద పెట్టారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. దానికోసం కర్నూలులో వంద కలరింగ్ బుక్కులు కూడా కొనేశావంట. ఈ జిల్లాలో హెల్త్ ఎడ్యుకేటర్‌గా చేసినన్నాళ్లూ నేను బొమ్మలతోనే నెట్టుకొచ్చినదాన్ని కదా, అందుకే ఇంత ఉత్తరం. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు.

ముందు ఆ వంద బుక్కులూ షాపులో వాపసు ఇచ్చెయ్. తీసుకోనంటే మీ సండే స్కూలు పిల్లలకు పంచు. అట్లాంటి పుస్తకాల్లో ఏముంటుందో నాకు తెలుసు. ఆపిల్ పండు, పళ్లు తోముకునే కుందేలు, షవర్ కింద నవ్వుతూ స్నానం చేసే బాబు. మలావీ పల్లెలో పిల్లలు తినేది న్‌సీమా, అంటే మొక్కజొన్న పిండితో వండే గట్టి ముద్ద. నీళ్లు బోరింగు దగ్గర్నుంచో సరస్సు నుంచో తెచ్చుకుంటారు. ఆ కుందేలుతో వాళ్లకు ఏం పని?

రంగులేసే పుస్తకం దానంతట అది ఏమీ నేర్పదు పాపా. పిల్లోణ్ణి ఒక బొమ్మ ముందు పావుగంట కదలకుండా కూర్చోబెడుతుంది, అంతే. ఆ పావుగంట నీ చేతికొచ్చిన సమయం. అప్పుడు నువ్వు ఏం అడిగావు, వాడు ఏ రంగు ఎక్కడ వేశాడు, అది నువ్వు చూశావా లేదా, పనంతా ఇందులోనే ఉంది. పుస్తకాలు పంచి ఫోటో తీసుకుని జీపు ఎక్కే టీంలను చాలా చూశాను. వాటి గురించి ఇక్కడ రాయను, బీపీ పెరుగుతుంది.

మన ఫ్లోరైడ్ ఊళ్ల సంగతి చెప్తా విను. పళ్లు తోముకునే పాప బొమ్మ ఇస్తే అక్కడి పిల్లలు పళ్లకు గోధుమరంగు చారలు వేసేవాళ్లు. "పళ్లు తెల్లగా కదరా ఉండాల్సింది" అని టీచరమ్మ దిద్దబోతే నేను ఆపేదాన్ని. వాళ్ల ఇళ్లలో వాళ్లు చూసిన పళ్లు అవే మరి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పళ్లు తయారయ్యే వయసులో అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే చారలు పడతాయి, తర్వాత ఎంత తోమినా పోవు. అట్లాంటి ఊళ్లో బ్రష్ గురించి ఉపన్యాసం ఇచ్చి ఏం లాభం? బోరు నీళ్ల గురించి మాట్లాడాలి. నీకు అక్కడి భాష రాదు కాబట్టి పిల్లలు వేసే రంగులను మరీ జాగ్రత్తగా చూడు. గ్లాసులో నీళ్లకు మట్టిరంగు వేశారంటే ఆ నీళ్లు ఎక్కడివని అడుగు.

ఇక ఏ పేజీలు ఉండాలి? ఇక్కడి పోస్టర్లు చూసి గీయించొద్దు. మన దగ్గర దోమ అనగానే డెంగీ గుర్తొస్తుంది. పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, పూలకుండీ, పగటిపూట కుట్టే దోమ. అక్కడ పెద్ద బాధ మలేరియా. ఆ దోమ కుట్టేది రాత్రిపూట. కాబట్టి టైరు బొమ్మ కంటే దోమతెర కింద పడుకున్న అమ్మ, బిడ్డ బొమ్మ ముఖ్యం. తెర అంచులు చాప కిందికి దోపి ఉన్నట్టు గీయాలి, ఆ అంచు దగ్గర రంగేసేటప్పుడే "ఇది ఎందుకు ఇట్లా లోపలికి పెట్టారు?" అని అడగాలి. మలేరియా టీకాను పిల్లలకు మొట్టమొదట వేసి చూసిన దేశాల్లో మలావీ ఒకటి, 2019 ఏప్రిల్‌లో అక్కడే మొదలుపెట్టారు. దోమ గురించి వాళ్లకు నువ్వు కొత్తగా చెప్పేదేమీ ఉండకపోవచ్చు, తెర రోజూ కట్టుకుంటున్నారా అన్నదే అడగాల్సింది.

ఈగలు, కంటి జబ్బు పేజీ పెడదామని మీ టీంలో ఎవరో అన్నారంట. ట్రకోమా గురించే అయితే తీసెయ్. ప్రజలను పీడించే స్థాయిలో ఆ జబ్బు ఇక లేదని 2022లో డబ్ల్యూహెచ్‌ఓ మలావీకి గుర్తింపు ఇచ్చేసింది. వాళ్లు కష్టపడి వదిలించుకున్న జబ్బు గురించి మనం పోయి వాళ్లకే పాఠం చెప్పడం మర్యాద కాదు.

మన పుస్తకాల్లో ఎక్కడా కనపడని జబ్బు ఒకటుంది, బిల్‌హార్జియా. మలావీ సరస్సు ఒడ్డు ఊళ్లకు పోయేటట్టయితే పుస్తకమంతా దీనికే ఇచ్చినా తప్పులేదు. ఈ జబ్బున్న మనిషి మూత్రమో మలమో నీళ్లలో కలిస్తే అందులోని గుడ్లు పగిలి పిల్లపురుగులు నత్తలోకి చేరతాయి. నత్తలో పెరిగి మళ్లీ నీళ్లలోకొచ్చి, ఈత కొట్టే పిల్లల చర్మంలోంచి లోపలికి పోతాయి. కంటికి కనపడవు. కొన్నాళ్లకు మూత్రంలో రక్తం పడుతుంది. మందుంది, ప్రాజిక్వాంటెల్, స్కూళ్లలో కూడా ఇస్తారు. కానీ మళ్లీ అవే నీళ్లలో దిగితే జబ్బు మళ్లీ వస్తుంది. దీన్ని నాలుగు బొమ్మల్లో చూపించొచ్చు: నీళ్లలో మూత్రం పోస్తున్న పిల్లోడు (వెనక నుంచి గీయించు), నత్త, ఈత, ఎర్రటి మూత్రం. "ఈతకు పోవద్దు" అని మాత్రం రాయించొద్దు. సరస్సు పక్కన పుట్టిన పిల్లోడు ఈత మానుకుంటాడా? నీళ్లలో మూత్రం పోయొద్దని, ఎర్రగా పడితే దాచకుండా టీచరుకో అమ్మకో చెప్పాలని చెప్తే వింటాడు. ఆఖరి బొమ్మకు ఎర్రరంగు తీసుకునేటప్పుడు పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారంటే గమనించు. ఎవరి గురించో వాళ్లకు తెలుసన్నమాట. ఎవరని అందరి ముందూ అడగొద్దు.

విరేచనాల పేజీ ఎట్లాగూ ఉండాలి. 2022 మార్చిలో మొదలైన కలరాలో ఆ దేశంలో 1,700 మందికి పైగా పోయారు, వాళ్ల చరిత్రలోనే అంత పెద్దది రాలేదు. చేతులు కడుక్కునే బొమ్మలో వాష్ బేసిన్ పెట్టొద్దు. చిన్న డబ్బాకు తాడు కట్టి, కాలితో కట్టె తొక్కితే నీళ్లు పడే టిప్పీ టాప్ పెట్టు. ఓఆర్ఎస్ బొమ్మలో తప్పు జరిగితే ప్రాణం మీదికొస్తుంది. మన దగ్గరే లీటరు నీళ్లకు ఒక ప్యాకెట్టు, 200 మిల్లీలీటర్లకు ఇంకో ప్యాకెట్టు దొరుకుతాయి. అక్కడ ఊళ్లో ఇచ్చే ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్లని ఉందో చూసి, అన్ని నీళ్లు పట్టే అక్కడి సీసానే గీయించు. పెద్ద ప్యాకెట్టు చిన్న గ్లాసులో కలిపి తాగిస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకు ఇంకా ప్రమాదం.

బొమ్మ గీసే అబ్బాయికి ఒక మాట చెప్పు. గీత లావుగా, ఒకే తీరుగా ఉండాలి, నిమ్మలకుంట తోలుబొమ్మ అంచు మాదిరి. షేడింగ్ వద్దు, జిరాక్స్ తీస్తే నల్లటి మరకైపోతుంది. మనిషిని నిండుగా గీయాలి. ఉత్త చెయ్యి, ఉత్త తల గీస్తే "మిగతా మనిషేడీ?" అంటారు. బాణం గుర్తు, ఇంటూ గుర్తు స్కూలుకు పోని వాళ్లకు అర్థం కావు. దోమను చేటంత గీస్తే "ఇంత దోమ మా ఊళ్లో లేదు" అన్నారన్న కథ మా హెల్త్ ఎడ్యుకేషన్ వాళ్లందరికీ తెలిసిందే, నిజంగా జరిగిందో లేదో గానీ అందులో నీతి మాత్రం నిజం. ఆడవాళ్లకు చీర కాకుండా చితెంజె, అంటే అక్కడివాళ్లు నడుముకు చుట్టుకునే గుడ్డ, కట్టించు, బిడ్డను వీపుకు కట్టుకున్నట్టు గీయించు.

అచ్చు ఇక్కడ వేయించొద్దు. ఏ4 కాగితం ఒకటి అయిదు గ్రాములు. ఒక్కో పుస్తకానికి ఎనిమిది కాగితాలంటే వంద పుస్తకాలు నాలుగు కిలోలు, విమానంలో అది మందులకు రావాల్సిన జాగా. రెండు కాగితాలు మడిచి కుట్టిన ఎనిమిది పేజీలు చాలు. ఒరిజినల్ పట్టుకుపోయి అక్కడే జిరాక్స్ తీయించు. ఇంకో లాభం ఏమిటంటే, తీయించే ముందు అక్కడి హెచ్ఎస్ఏలకు చూపించొచ్చు. హెచ్ఎస్ఏలంటే మన ఆశా, ఏఎన్ఎంల మాదిరి ఊళ్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తలు, ప్రభుత్వం జీతమిచ్చి పెట్టుకున్నవాళ్లు. బొమ్మ కింద అక్కడి భాష చిచేవాలో ఏం రాయాలో వాళ్లే చెప్పాలి. వాళ్లు వద్దన్న పేజీని వాదించకుండా తీసెయ్. జిల్లా ఆరోగ్య కార్యాలయంలో ఒక ముక్క చెప్పి పెట్టడం మీ టీం లీడర్ పని, గుర్తు చెయ్.

మన ఇంట్లో నచ్చని మాట ఒకటి రాస్తున్నా, మీ నాన్నకు కోపమొచ్చినా సరే. ఆఖరి పేజీలో బైబిల్ వాక్యం వేయిస్తామన్నారంట. సరస్సు దక్షిణాన ఉన్న మంగోచి జిల్లా వైపు యావో తెగ వాళ్లలో ముస్లింలే ఎక్కువ. వాక్యం చూసి ఒక తల్లి ఆ పుస్తకాన్ని పక్కన పెట్టేస్తే ఓఆర్ఎస్ పేజీ కూడా దాంతోపాటే పోతుంది. ప్రార్థన ప్రార్థనే, దాన్ని వేరేగా చేసుకోండి.

పెద్ద పిల్లలను వదలొద్దు. లండన్‌లో డేవిడ్ మోర్లీ అనే పిల్లల డాక్టరు 1978లో చైల్డ్ టు చైల్డ్ అని ఒకటి మొదలుపెట్టాడు. చెల్లెళ్లను, తమ్ముళ్లను ఎత్తుకుని తిరిగేది అక్కలే కాబట్టి ఆరోగ్యం సంగతి వాళ్లకే చెబుదామన్నది ఆయన ఆలోచన. మన పల్లెలు చూసినా అంతే కదా. పుస్తకం ఇంటికి పంపేటప్పుడు "అమ్మకు చూపించు" అనొద్దు. "ఈ బొమ్మ కథ అమ్మకు చెప్పి, అమ్మ ఏమందో రేపు నాకు చెప్పు" అను. మర్నాడు వాళ్లు చెప్పేది నీ హెచ్ఎస్ఏతో రాయించుకో, మీ టీం రిపోర్టుకు అంతకంటే పనికొచ్చేది ఉండదు.

రంగుల విషయం. పన్నెండు రంగుల డబ్బాలో బ్రౌన్ ఒక్కటే ఉంటుంది, అక్కడ ముందు అయిపోయేది అదే. బ్రౌన్, నలుపు విడిగా ఎక్కువ కొను. లేత గులాబీని "స్కిన్ కలర్" అని పిలవడం మానెయ్, పిల్లలు వింటారు. క్రేయాన్లు ఎండకు మెత్తబడి విరుగుతాయి, రంగు పెన్సిళ్లు నయం. మూడేళ్ల లోపు పిల్లలకు ఏవీ ఇవ్వొద్దు, నోట్లో పెట్టుకుంటారు. పెన్సిళ్లు పిల్లల చేతికి కాకుండా టీచరు చేతికి ఇచ్చి స్కూల్లోనే వదిలి రా.

గీయించిన పేజీలు వాట్సాప్‌లో పంపు, ఇక్కడ మన అంగన్‌వాడీ పిల్లల ముందు పెట్టి చూస్తా. మలావీ సంగతి వాళ్లకు తెలియదు గానీ, గీత ఎక్కడ అర్థం కావట్లేదో ఏ పిల్లలైనా చెప్పేస్తారు. మెండర్లకు బ్లేడ్లుంటాయి, అవి చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టు.

మీ పెద్దమ్మ