వేటకీ గురికీ ఒకే బుల్లెట్ అడిగిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఉత్తరం అందింది. .308 విన్‌చెస్టర్ రైఫిల్ చేతికొచ్చిన సంబరం అక్షరాల్లోనే తెలుస్తోంది. "సెలవురోజుల్లో కాగితం మీద గురి, సీజన్‌లో జింక. రెండింటికీ పనికొచ్చే బుల్లెట్ ఒకటి చెప్పు" అన్నావు. చెబుతాను. కానీ దాని కింద ఇంకో మాట రాశావే, "దెబ్బలన్నీ ఏది దగ్గర దగ్గరగా వేస్తే అదే కొనేస్తా" అని, అది మాత్రం కొట్టెయ్యి. నీ వయసులో నేనూ అలా అనుకునే ఒక జింక ఉసురు పోసుకున్నాను.

అప్పట్లో నా దగ్గర మ్యాచ్ బుల్లెట్లు, అంటే గురి పోటీల కోసం చేసినవి, ఉండేవి. కాగితం మీద అయిదు దెబ్బలూ ఒక రూపాయి బిళ్ల కింద దాగేవి. ఇంకేం కావాలనుకున్నాను. మొదటి జింక పక్కటెముకల్లో దెబ్బ తిని నాలుగడుగులు వేసి కూలింది. అదే పెట్టెలోని మరో తూటాతో రెండోదాన్ని 80 గజాల నుంచి కొట్టాను. దెబ్బ జబ్బ ఎముకకి తగిలింది. పడలేదు. చీకటి పడేదాకా రక్తపు చుక్కలు వెతుక్కుంటూ తిరిగాను. మర్నాడు పొద్దున దొరికింది. కోసి చూస్తే బుల్లెట్ ఎముక మీదే పొడిపొడి అయిపోయింది, లోపలికి వెళ్లిందే లేదు. నా గురి తప్పలేదురా, నేను ఎంచుకున్న బుల్లెట్ తప్పు.

ఆ తర్వాత చేసిన పని చెబుతాను, నువ్వూ చెయ్యి. రీలోడింగ్, అంటే తూటాలు సొంతంగా నింపుకునే, సామాన్ల కొట్టులో విడి బుల్లెట్లు దొరుకుతాయి. మందూ, దాన్ని అంటించే ప్రైమరూ ఉన్న తూటా కాదు, ఒట్టి బుల్లెట్ మాత్రమే. మ్యాచ్‌ది ఒకటి, వేటది ఒకటి తెచ్చి వైస్‌లో బిగించి, ఆకురాయితో నిలువునా సగానికి అరగదియ్యి. సీసపు పొడి ఊపిరిలోకి పోకుండా చూసుకో, చేతులు కడుక్కో. మ్యాచ్ బుల్లెట్‌లో రాగి తొడుగు పైనుంచి కిందదాకా పల్చగా, సమంగా ఉంటుంది. ముక్కు దగ్గర కాస్త ఖాళీ, మొనలో చిన్న చిల్లు. ఆ చిల్లు చూసి "ఇది విచ్చుకునే రకం" అనుకుంటారు కొత్తవాళ్లు. కాదు. తొడుగుని మడమ వైపు మూసి, ముందువైపు నుంచి సీసం దించి, ఆ మూతిని దగ్గరికి నొక్కుతారు. పూర్తిగా మూసుకోక మిగిలిందే ఆ చిల్లు. దానికీ జింకకీ సంబంధం లేదు. జింక ఒంట్లో ఈ బుల్లెట్ ఒకసారి సూదిలా దూసుకుపోతుంది, ఇంకోసారి పగిలిపోతుంది.

వేట బుల్లెట్‌లో తొడుగు ముక్కు దగ్గర పల్చగా మొదలై కిందికి పోనుపోను మందమవుతుంది. కొన్నింటిలో సీసాన్ని తొడుగుకి అతికిస్తారు. కొన్నింటిలో నడుమ అడ్డుగోడ ఉంటుంది. జాన్ నోస్లర్ అనే ఆయన 1946లో మూస్ అనే పెద్ద దుప్పి వేటకి వెళ్లి, బుల్లెట్లు లోపలికి దిగక విసిగి, ఆ అడ్డుగోడ ఆలోచన చేశాడు. పార్టిషన్ పేరుతో ఇప్పటికీ అమ్ముతున్నారు. ముందు సగం పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, వెనక సగం బరువు తగ్గకుండా లోతుకి దిగుతుంది.

పూర్తి తొడుగున్న మిలిటరీ రకం గురించి నువ్వు అడగలేదు గానీ, చవక కదా అని చెయ్యి పెడతావేమోనని చెబుతున్నా. వేటకి వద్దు. చాలాచోట్ల చట్టమే ఒప్పుకోదు. విచ్చుకునే బుల్లెట్లని కలకత్తా దగ్గరి డమ్‌డమ్ కర్మాగారంలో చేశారు, 1899లో హేగ్‌లో దేశాలన్నీ కూర్చున్న సమావేశంలో వాటిని యుద్ధంలో వాడకూడదన్నారు. మనిషి మీద నిషేధమైంది జంతువు విషయంలో దయ అయింది చూడు.

సరే, నీ రైఫిల్ సంగతి. 165 గ్రెయిన్ల దగ్గర మొదలుపెట్టు. అంటే దాదాపు 10.7 గ్రాములు. ప్లాస్టిక్ మొన, మందమైన లేదా అతికించిన తొడుగు, పడవ మడమ, అంటే వెనకవైపు సన్నబడేది, చూడు. బ్యారెల్ మీద దాని లోపలి గాడుల మెలిక అంకె ఉంటుంది. 1:12 అంటే బుల్లెట్ 12 అంగుళాలు పోయేసరికి ఒక చుట్టు తిరుగుతుందన్నమాట. 165 గ్రెయిన్ల సీసపు బుల్లెట్‌కి అది చాలు. అచ్చంగా రాగితో చేసినవైతే అదే బరువుకి పొడుగెక్కువ, రాగి సీసం కంటే తేలిక కాబట్టి. వాటికి 1:10 మెలిక మేలు. సీసం మీద నిషేధమున్న చోట్ల ఎలాగూ రాగే గతి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటంతటికీ అదే నియమం. ఇంకోటి, వేట బుల్లెట్ విచ్చుకోవాలంటే తగిలేటప్పుడు వేగం ఉండాలి. సీసపు రకాలు చాలావాటికి సెకనుకి 1800 అడుగులకి తగ్గకూడదు. ఆ వేగం ఎంత దూరం వరకూ ఉంటుందో పెట్టె మీది పట్టిక చూసుకో. అదే నీ హద్దు.

ఇక కాగితం. మూడు రకాల వేట తూటాలు ఒక్కో పెట్టె తెచ్చుకో. 100 గజాల దగ్గర అయిదేసి దెబ్బలు కొట్టు. అంగుళంన్నర లోపల పడితే చాలు, ముద్దాడి దాచుకో. 300 గజాల దగ్గర అది నాలుగున్నర అంగుళాలే. జింక గుండె, ఊపిరితిత్తులున్న చోటు ఎనిమిది అంగుళాలకి అటూ ఇటూ. అయిదు దెబ్బలూ అరంగుళంలో పడే గ్రూపు కోసం మ్యాచ్ బుల్లెట్ వెంట పడితే నీకొచ్చేది పతకమే గాని మంచి దెబ్బ కాదు. పోటీలకి దిగే రోజు వస్తే అప్పుడు వేరేది కొనుక్కో.

డబ్బు సంగతంటావా, వేట తూటాలు రోజూ కాల్చడం జేబుకి బరువే. గురికి ఒకటి, వేటకి ఒకటి జంటగా చేసేవి ఉన్నాయి. హోర్నడీ కంపెనీ వాళ్లు .308కి 178 గ్రెయిన్లలోనే గురికి ఈఎల్‌డీ మ్యాచ్, వేటకి ఈఎల్‌డీ-ఎక్స్ చేస్తారు. బరువు ఒకటే అయినా నీ రైఫిల్‌లో రెండూ ఒకేచోట పడతాయని అనుకోకు. సీజన్‌కి ముందు వేట తూటాతో మళ్లీ సైట్, అంటే గురి చూసే అమరిక, సరిచేసుకో. 178 పొడుగు బుల్లెట్ కాబట్టి 1:12 మెలికలో అది ఎలా పడుతుందో కాల్చి చూశాకే పెట్టెలు కొను.

మందు కొలిచి తూటాలు నువ్వే నింపుకోవడం ఇప్పుడే వద్దు. ఆ ముచ్చట మరో ఉత్తరంలో.

కాగితాలు నాకు పంపు. చల్లని బ్యారెల్‌తో కొట్టిన మొదటి దెబ్బ చుట్టూ పెన్సిల్‌తో గీత గియ్యి, ముందు దాన్నే చూస్తాను.

ఇట్లు,
నీ మేనమామ